చెక్క పడవ పునరుద్ధరణ: చారిత్రక ఆధారంగా మరమ్మతు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల జలచరిత్రలో మంజీరపై 1923–1931 మధ్య నిర్మితమైన నిజాంసాగర్‌ది ప్రధాన స్థానం. రాతికట్టడం కనుక ఆనకట్ట చరిత్రకారులకు సులభంగా అందుతుంది. జలాశయాలపై తిరిగే చెక్క పడవ అట్లా నిలవదు. నీరు తగ్గి ఒడ్డున ఉండిపోతే ఎండకు పలకలు కుంచించుకొని సందులు విచ్చుకుంటాయి. నీట దించితే ఉబ్బి మళ్ళీ కలుస్తాయి. తేమ నిలిచిన చోట శిలీంధ్రం చేరి చెక్క కుళ్ళుతుంది. సముద్రంలోనైతే చెక్కను తొలిచే జీవుల బెడద అదనం.

కోరమండల్ తీరపు మసులా పడవ నిర్మాణంలోనే మరమ్మతుకు చోటుంది. దాని పలకలను మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. కెరటాల తాకిడికి ఆ కుట్టు సాగి ఒదిగేది. తాడు చివికితే విప్పి తిరిగి కుట్టేవారు.

పునరుద్ధరణలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కుళ్ళిన పలకను ఉంచితే పడవ నిలవదు. అన్నింటినీ మారిస్తే పాత ఆధారం మిగలదు. 1628లో మునిగి, 1961లో వెలికివచ్చిన స్వీడన్ నౌక వాసా చెక్కలోకి పాలిథిలీన్ గ్లైకాల్ ఎక్కించి దాని ఆకృతిని నిలిపారు. నౌక మ్యూజియంలో దక్కింది, నీటికి దూరమైంది.

కాబట్టి తొలగించిన ప్రతి పలక కొలత, కలప జాతి, కుట్టు తీరు, వాటికి వడ్రంగి వాడే పేరు నమోదు కావాలి. ఆ నమోదు ఉంటే పలక మారినా పడవ చరిత్ర తెగదు. వడ్రంగి మాట పోతే, పలక మిగిలినా దానిని చదవగలిగేవారు ఉండరు.