అగ్నిలోనుండి లేచిన దీవి, యానాం నుండి వెళ్ళిన పదిహేను మంది



దీవుల పేర్లు మన సంఘాలకు కొత్త కాదు. పత్మాసు అనగానే పరవాసిగా ఉన్న యోహాను, మెలితే అనగానే ఓడ పగిలి ఒడ్డు చేరిన పౌలు మన కళ్ళముందుకు వస్తారు. నేడు మీ ముందుంచుతున్న దీవి బైబిలులో లేదు. మన పిల్లల పాఠ్యపుస్తకాలలోనూ దాదాపు కనబడదు. దాని పేరు రీయూనియన్. హిందూ మహాసముద్రంలో, మడగాస్కరుకు తూర్పున సుమారు 700 కిలోమీటర్ల దూరాన, మారిషస్ పొరుగున ఉన్నది. పరిపాలన ఫ్రాన్సు దేశానిది, చెల్లే డబ్బు యూరో. విస్తీర్ణం 2,512 చదరపు కిలోమీటర్లు, అంటే మన పల్నాడు జిల్లాలో ఇంచుమించు మూడో వంతు. ఇంత చిన్న దీవితో మనకేమి పని అని మీరు అడగవచ్చును. మన దేశం నుండి ఒప్పందపు కూలీలుగా సముద్రం దాటించబడిన మొట్టమొదటి వారిలో తెలుగువారు ఉన్నారు. వారు దిగినది ఆ దీవిలోనే. ఆ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ముందు ఆ నేల ఎలాంటిదో చూద్దాం. సముద్రపు అడుగునుండి కొలిస్తే ఈ దీవి దాదాపు 7 వేల మీటర్ల ఎత్తుగల మహా పర్వతం. నీటిపైన మనకు కనబడేది దాని తల మాత్రమే. అందులో రెండు అగ్నిపర్వతాలున్నాయి. పితో ద నేజ్, అంటే మంచు శిఖరం, 3,070 మీటర్లు. అది చల్లబడి వేల సంవత్సరాలైనది. రెండవది పితో ద లా ఫూర్నేజ్, 2,632 మీటర్లు. ఫూర్నేజ్ అంటే కొలిమి. దానియేలు గ్రంథములోని అగ్నిగుండమును ఫ్రెంచి బైబిలు చదివేవారు ఇదే మాటతో పిలుస్తారు. ఆ కొలిమి ఇంకా ఆరలేదు. ప్రపంచంలో చాలా తరచుగా పేలే అగ్నిపర్వతాలలో అది ఒకటి. కొన్ని సంవత్సరాలలో ఒకటికి రెండుసార్లు కూడా లావా కక్కుతుంది.

అక్కడి వాన సంగతి పల్నాటివారు వింటే నమ్మరు. 1966 జనవరిలో ఒక తుఫానులో ఫోక్‌ఫోక్ అనే చోట 24 గంటల్లో 1,825 మిల్లీమీటర్ల వాన పడింది. మాచర్ల, గురజాల వైపు రెండేళ్ళ వాన కలిపినా సాధారణంగా అంత ఉండదు. ఈ వానలే కొండల నడుమ మూడు పెద్ద లోయలను తొలిచాయి: సిలావ్, సలాజీ, మఫాత్. మఫాత్‌లో ఊళ్ళున్నాయి గాని అక్కడికి రోడ్డు లేదు. నడిచి పోవాలి, లేదా హెలికాప్టరు ఎక్కాలి.

ఇంకొక వింత వినండి. భూమి లోతుల్లో ఒకేచోట కదలక మండే పొయ్యి వంటిది ఒకటున్నదనీ, దానిమీదుగా భూమి పైపొర జరుగుతూ పోతుందనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. వెలిగే దీపం మీద కాగితం మెల్లగా జరిపితే వరుసగా నల్లటి మచ్చలు పడతాయి చూడండి, అలాగన్నమాట. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం ఆ పొయ్యి మీద మన దేశమే ఉన్నదట. అప్పుడు పారిన లావాయే దక్కను పీఠభూమి నల్లరాయి. ఆ లావా పారుతూ గోదావరి దాకా వచ్చింది. రాజమండ్రి దగ్గర కాతేరులోను, నదికి ఈవల పంగిడిలోను తవ్వే నల్లకంకర అదే. తరువాత మన దేశం ఉత్తరానికి జరిగిపోయింది. అదే పొయ్యి వరుసగా మాల్దీవుల పునాదిని, మారిషస్‌ను, చివరికి రీయూనియన్‌ను పైకెత్తింది. (ఈ ఏళ్ళ లెక్క విని మన సంఘంలో కొందరు నొసలు ముడుస్తారని నాకు తెలుసు. సృష్టికర్త చేతిపని ఎంత నిదానంగా జరిగినా అది ఆయన చేతిపనే అని నేను అనుకుంటాను.) మన పల్నాటి నాపరాయి మాత్రం ఆ లావా కంటె ఎంతో పాతది, దాని కథ వేరు.

రీయూనియన్ గురించి క్రైస్తవ పత్రికల్లో ఏదైనా వస్తే ఒక గుడి కథే వస్తుంది. 1977 ఏప్రిల్‌లో లావా ఎప్పుడూ పారే చోటు దాటి పితో సెంత్‌రోజ్ అనే ఊరిమీదికి దిగింది. జనాన్ని ముందే ఖాళీ చేయించారు గనుక ఎవరి ప్రాణమూ పోలేదు. ఇళ్ళు కాలిపోయాయి, పోలీసు ఠాణా పోయింది. అక్కడి కాథలిక్ దేవాలయం దగ్గరకు వచ్చిన లావా ముఖద్వారపు గడప దాకా వచ్చి, రెండుగా చీలి, గుడిని చుట్టి ముందుకు పోయింది. ఇప్పుడు ఆ గుడికి లావా మాత దేవాలయమని పేరు. చల్లారిన నల్లరాయి ఇంకా గుమ్మం పక్కనే ఉన్నది, వేలమంది చూడవస్తారు. సంతోషమే. అయితే 1977 అంటే మన గుంటూరు, కృష్ణా జిల్లాలవారికి గుర్తుకు వచ్చేది నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. అక్కడ ప్రార్థించేవారు లేరా? వారితోపాటు వారి గుడులు కూడా కొట్టుకుపోయాయి. గోడలు నిలిచిన లెక్కనుబట్టి విశ్వాసాన్ని తూచకూడదు. ఆ దీవిలో గుడిని గురించి అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది, అది లావాకంటె పాతది.

ఫ్రెంచివారు వచ్చేనాటికి అక్కడ స్థిరనివాసం ఉన్న మనుషులు లేరు. 1646లో మడగాస్కరులోని ఫ్రెంచి కోటలో తిరుగుబాటు చేసిన 12 మందిని శిక్షగా అక్కడ దించి వదిలేశారు. తీరా వారు జ్వరం లేని ఆ గాలికి ఆరోగ్యంగా బ్రదికారు! 1649లో రాజవంశం పేరున దీవికి బూర్బోన్ అని పేరు పెట్టారు. 1665 నుండి స్థిరంగా కాపురాలు వెలిశాయి. రీయూనియన్ అనే పేరు ఫ్రెంచి విప్లవం తరువాత, 1793లో వచ్చింది. ఆ పేరు మారుతూ మళ్ళీ 1848లో స్థిరపడింది. మొదట కాఫీ, తరువాత చెరకు. పని చేయడానికి మడగాస్కరునుండి, తూర్పు ఆఫ్రికానుండి బానిసలను తెచ్చారు.

1723 డిసెంబరులో ఫ్రెంచి రాజు ఈ దీవులకు ఒక శాసనం ఇచ్చాడు. దేవుని బిడ్డలారా, దీనిని శ్రద్ధగా వినండి. బానిసలందరికీ బాప్తిస్మము ఇప్పించవలెనని, ఆదివారం వారిచేత పని చేయించరాదని అందులో ఉన్నది. అదే శాసనంలో, పారిపోయిన బానిసకు మొదటిసారి చెవులు కోసి భుజాన వాత పెట్టవలెనని, రెండవసారి మోకాలి నరం కోయవలెనని, మూడవసారి మరణమని ఉన్నది. బాప్తిస్మము ఇచ్చిన తలమీద ఆ చెవులే కదా ఉండేది! ఫిలేమోను పత్రికలో ఒనేసిమును సహోదరునిగా చేర్చుకొమ్మని పౌలు బ్రతిమాలింది చదివిన గురువులు, ఆ దీవిలో ఆ పత్రికను ఏమని బోధించారో! అందరూ ఊరకుండలేదు. బానిసల పక్షాన నిలిచిన మొన్నే అనే కాథలిక్ గురువును 1847లో దీవినుండి వెళ్ళగొట్టారు. పారిపోయినవారు నేను ముందు చెప్పిన లోయల్లో దాక్కున్నారు. వాటి పేర్లు వారి మలగసీ భాషనుండి వచ్చినవే. మనం క్రిస్మసు కేకులో వేసుకునే వెనీలా సాగుకు మూలమైన చిట్కా కనిపెట్టినది కూడా ఆ దీవి బానిస పిల్లవాడే. పువ్వును చేత్తో ఫలింపజేసే ఆ పద్ధతిని 1841లో కనుగొన్నప్పుడు ఎడ్మండ్ అల్బియస్‌కు 12 ఏళ్ళు. దానివలన దొరలు బాగుపడ్డారు, అతడు 1880లో బీదవాడుగానే చనిపోయాడు. 1848 డిసెంబరు 20న 60 వేలమందికి పైగా బానిసలకు విడుదల ప్రకటించబడింది.

ఇక మనవారి సంగతి. ఫ్రాన్సు 1817లో బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. దొంగచాటుగా అది సాగుతున్నా, చెరకు తోటలకు చేతులు చాలలేదు. అప్పుడు దొరల కన్ను గోదావరి గట్టున ఉన్న తమ ఫ్రెంచి యానాం మీద పడింది. 1828లో 15 మంది తెలుగువారు అక్కడినుండి బూర్బోన్‌కు చేరారు. మారిషస్‌కు 36 మంది భారతీయ కూలీలతో అట్లాస్ అనే ఓడ చేరిన 1834కు ఇది ఆరేళ్ళు ముందు. 1830 నాటికి దీవిలో అట్టివారు 3 వేలు దాటారు. అక్కడి రికార్డులలో వారిని తెలింగాలు అని వ్రాశారు. చేతిలో ఒప్పందం కాగితం ఉన్నది నిజమే. అయితే బానిసత్వం ఇంకా చట్టమై నడుస్తున్న తోటలో, బానిసల పక్కన నిలబెట్టి పని చేయిస్తే కాగితం ఎవరు చూస్తారు? జీతాలు సరిగా ఇవ్వలేదని, కొట్టారని ఫిర్యాదులు వచ్చాయి. కొన్నేళ్ళకే ఆ ఏర్పాటు చెడిపోయింది, చాలామంది వెనక్కి వచ్చారు.

మన మిరపకోతలకు కర్నూలు, ఆదోని వైపునుండి ముఠాలు వస్తాయి కదా! మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు, ఊరినుండి తీసుకొస్తాడు, లెక్క తేలేదాకా మనిషి కదలలేడు. అయితే మిరపచేనినుండి ఇంటికి బస్సు ఉన్నది. ఆ దీవినుండి ఇంటికి నెలల ప్రయాణం, అదీ దొర ఓడ ఎక్కిస్తేనే.

1848లో బానిసలకు విడుదల రాగానే తోటల యజమానులు మళ్ళీ మన తీరాలవైపు తిరిగారు. యానాం, కారైకాల్, పుదుచ్చేరి రేవులనుండి ఓడలు కదిలాయి. 1860లో బ్రిటిషువారికి, ఫ్రెంచివారికి ఒడంబడిక కుదిరి బ్రిటిషు జిల్లాల జనాన్ని కూడా తీసుకుపోయే వీలు కలిగింది. ఐదేళ్ళ ఒప్పందం, వారానికి ఆరు రోజుల పని, రోజుకు తొమ్మిదిన్నర గంటలు అని కాగితం మీద ఉన్నది. వారు చెప్పుకొన్న బాధలు పెరిగి 1877లో గోల్డ్‌స్మిడ్ అనే ఇంగ్లీషు అధికారి, మియో అనే ఫ్రెంచి అధికారి కలిసి దీవికి వెళ్ళి విచారణ చేశారు. 1882లో బ్రిటిషు ఇండియా ప్రభుత్వం ఆ వలసను ఆపివేసింది. అప్పటికి మొత్తంమీద లక్షమందికి పైగా భారతీయులు ఆ దీవికి వెళ్ళారు. ఎక్కువమంది తమిళులు, వారితో తెలుగువారు.

ఎందుకు వెళ్ళారని తేలికగా అడగకండి. 1832–33 కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే ఐదు లక్షల జనాభాలో మూడో వంతుకు తక్కువ కాకుండా చనిపోయారు. 1876–78లో ధాత కరువు వచ్చింది. ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు చేరి, 1849లో మన గురజాలకు వచ్చి పని మొదలుపెట్టారని మనం ప్రతి వార్షికోత్సవంలోను చెప్పుకుంటాం. సరిగ్గా ఆ దినాల్లోనే తూర్పుతీరంనుండి కూలీల ఓడలు తిరిగి బయలుదేరుతున్నాయి. మన సంఘ చరిత్రలో మొదటి దానికి పేజీలకు పేజీలున్నాయి.

వెళ్ళి అక్కడే ఉండిపోయినవారి పిల్లలకు ఏమైనది? మలబారు ముఖం ఎరుగని తమిళునికీ తెలుగువానికీ కలిపి దీవిలో ‘మలబార్లు’ అనే ఒకే పేరు పెట్టారు. అది నేటికీ ఉన్నది. బడికి, ఉద్యోగానికి, గౌరవానికి బాప్తిస్మపు పేరు పనికివచ్చేది, కనుక జాన్, మరీ అని ముందు పేరు పెట్టుకొని తాతగారి పేరును ఇంటిపేరుగా ఉంచుకున్నారు. రామస్సామి వంటి ఇంటిపేర్లు అలా మిగిలినవే. చాలా కుటుంబాలు ఆదివారం గుడికీ వెళ్తాయి, తమ పెద్దల దేవతల మొక్కులూ తీర్చుకుంటాయి. మన సేవకులలో కొందరు ఇది విని తొందరపడి తీర్పు తీరుస్తారు. బ్రదుకుతెరువుకు వెలగా బాప్తిస్మాన్ని పెట్టినవారిని ముందు అడగాలి, తరువాత పుచ్చుకున్నవారిని. ఇళ్ళలో మాట్లాడేది క్రియోల్, బడిలో ఫ్రెంచి. తెలుగు పోయింది. 1946లో దీవి ఫ్రాన్సులో ఒక జిల్లాగా చేరింది. 1954లో యానాం ఫ్రెంచివారి చేతినుండి మనకు వచ్చింది.

దీవి ఉత్తరపు ఒడ్డున లా గ్రాండ్ షలూప్ అనే చోట కొండకు సముద్రానికి మధ్య ఇరుకులో రాతి భవనాలున్నాయి. ఓడ దిగిన కూలీలను అంటురోగాల భయంతో కొన్నాళ్ళు అక్కడే ఉంచేవారు. ఆ భవనాలను బాగుచేసి ఇప్పుడు జనానికి చూపిస్తున్నారు. దీవిలోని భారతీయ కుటుంబాలవారు తాతముత్తాతల ఊరు తెలుసుకోవాలని పాత రిజిస్టర్లు తిరగవేస్తుంటారు. ఫ్రెంచి గుమస్తా తన చెవికి వినబడినట్టు వ్రాసుకున్న ఊరి పేర్లు అవి. వాటిని సరిగా పలకగలిగినవారు మన ఒడ్డున ఉన్నారు.