ఎడమ చేతికి ఒక పని: త్రీడీ నావిగేషన్ కంట్రోలర్ల చరిత్ర

త్రీడీ నావిగేషన్ కంట్రోలర్ అనేది కంప్యూటర్ తెర మీది త్రిమితీయ దృశ్యాన్ని తిప్పడానికి, జరపడానికి, దగ్గరికి తెచ్చుకోవడానికి మాత్రమే వాడే పరికరం. బల్ల మీద కదలకుండా కూర్చునే బరువైన దిమ్మ, దాని మీద వేళ్ల మధ్య ఇమిడే గుండ్రటి టోపీ, పక్కన కొన్ని బటన్లు, ఇంతే దాని రూపం. మామూలు అమరికలో టోపీని ఎటు నెడితే దృశ్యం అటు జరుగుతుంది, మెలిపెడితే తిరుగుతుంది, పైకి లాగితే పైకి లేస్తుంది. మూడు దిశల్లో కదలికలు, ఆ మూడు అక్షాల చుట్టూ భ్రమణాలు, మొత్తం ఆరూ ఒకే పట్టులో దొరుకుతాయి. మామూలు మౌస్ ఒకసారికి రెండింటినే ఇవ్వగలదు. యంత్ర భాగాలు డిజైన్ చేసే ఆఫీసుల్లో ఈ పరికరం స్థిరపడి దశాబ్దాలు దాటింది. సినిమాలకూ గేములకూ పాత్రలనూ వస్తువులనూ మలిచే డిజిటల్ మోడలింగ్ ఆర్టిస్టుల బల్లల మీద మాత్రం ఇది అంతగా పాతుకోలేదు. అందుకు పరికరం పుట్టిన చోటూ కారణమే, ఆర్టిస్టుల చేతులు అలవాటుపడిన తీరూ కారణమే.

తెర మీద బొమ్మ గీయడం మొదలైన రోజు నుంచే రెండు చేతులకూ పని ఉండేది. అమెరికాలోని ఎంఐటీ లింకన్ ప్రయోగశాలలో టీఎక్స్-2 కంప్యూటర్ మీద ఇవాన్ సదర్లాండ్ 1963లో స్కెచ్‌ప్యాడ్‌ను రూపొందించినప్పుడు ఒక చేతిలో లైట్ పెన్ ఉండేది, రెండో చేయి బటన్ల పెట్టె మీద ఉండేది. బొమ్మను జరపడానికీ పెద్దది చేయడానికీ తెర కింద నాలుగు నల్లటి నాబ్‌లు అమర్చారు. గీసే సాధనం వేరు, చూపును మార్చే సాధనం వేరు అన్న విభజన అక్కడే కనిపిస్తుంది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను లోకానికి చూపించినప్పుడూ అంతే. ఆయన కుడి చేతిలో మౌస్ ఉంటే ఎడమ చేతి కింద అయిదు మీటల చిన్న కీసెట్ ఉంది. ఆ తర్వాత లోకం మౌస్‌ను తీసుకుంది, కీసెట్‌ను వదిలేసింది. చూపును కదిపే భారం కూడా నెమ్మదిగా కుడి చేతి మీదే పడింది.

ఆ మార్పుకు ముందు డయళ్ల కాలం ఒకటి నడిచింది. 1980ల తొలి ఏళ్లలో ఎవాన్స్ అండ్ సదర్లాండ్ సంస్థ పీఎస్ 300 గ్రాఫిక్స్ టెర్మినల్‌తో పాటు ఎనిమిది డయళ్ల పెట్టెను ఇచ్చేది. ఐబీఎం 5080లోనూ డయళ్లు ఉండేవి, వాటికి తోడు 32 బటన్ల వెలిగే కీబోర్డు ఉండేది. ఒక్కో డయల్‌కు ఒక్కో పని: ఒకటి నిలువు అక్షం చుట్టూ తిప్పుతుంది, ఇంకొకటి అడ్డ అక్షం చుట్టూ, మరొకటి దగ్గరికి లాగుతుంది. ప్రోటీన్ అణువుల నిర్మాణాన్ని ఛేదించే స్ఫటిక శాస్త్రవేత్తలు ఈ డయళ్లను ఎంతో ఇష్టంగా వాడారు. వాళ్ల పనిలో గీయడం తక్కువ, చూడటం ఎక్కువ. తీగల్లా అల్లుకున్న ఎలక్ట్రాన్ సాంద్రత పటంలో అమైనో ఆమ్లాల గొలుసు ఎక్కడ సరిగ్గా కూర్చుంటుందో తెలియాలంటే బొమ్మ ఆగకుండా మెల్లగా తిరుగుతూ ఉండాలి. తిరుగుతున్నంతసేపే తెర మీది చదునైన గీతల్లో లోతు కంటికి తెలుస్తుంది, ఆపగానే అది చదునైపోతుంది. తర్వాత వచ్చిన నావిగేషన్ పరికరాల విలువను తూచడానికి ఇంతకంటే మంచి కొలత లేదు: ఆ పనిలో చూడటం పాలు ఎంత?

డయళ్లు ధరకూ బల్ల మీద చోటుకూ బరువైనవి. మౌస్ చవకైంది, ప్రతి కంప్యూటర్‌తోనూ వచ్చేది. దానితోనే మూడు అక్షాల తిరుగుడునూ రాబట్టే ఉపాయాల కోసం పరిశోధకులు సాఫ్ట్‌వేర్ వైపు తిరిగారు. మైకేల్ చెన్, ఆయన సహచరులు 1988లో వర్చువల్ స్ఫియర్ పద్ధతిని, కెన్ షూమేక్ 1992లో ఆర్క్‌బాల్‌ను ప్రతిపాదించారు. వస్తువును ఒక కనబడని గోళంలో ఉంచినట్టు భావించి, ఆ గోళం పైభాగాన్ని మౌస్‌తో పట్టుకుని దొర్లించడమే ఈ రెండింటిలోనూ కీలకం. ఒక మీట నొక్కి ఉంచి మౌస్ లాగితే దృశ్యం తిరగడం నేటికీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్లలో మామూలు పద్ధతి. 1998లో వచ్చిన మాయాలో ఆల్ట్ మీటతో పాటు మౌస్ ఎడమ బటన్ నొక్కితే తిరగడం, మధ్య బటన్ నొక్కితే జరగడం, కుడి బటన్ నొక్కితే దగ్గరవడం. ఈ వేళ్ల వరస ఒక తరం ఆర్టిస్టుల కండరాలకు ఎక్కిపోయింది. నావిగేషన్ కంట్రోలర్‌కు అసలు పోటీ ఈ ఆల్ట్ మీటే.

ఆరు కదలికలనూ ఒకే పట్టులోకి తెచ్చిన పరికరం బొమ్మలు గీసేవాళ్ల కోసం పుట్టలేదు, రోబోలను నడిపేవాళ్ల కోసం పుట్టింది. జర్మనీలో మ్యూనిక్ దగ్గరి ఓబర్‌ఫాఫెన్‌హోఫెన్‌లో ఉన్న ఆ దేశపు అంతరిక్ష పరిశోధన కేంద్రంలో గెర్డ్ హిర్జింగర్ బృందం రోబో చేతిని దూరం నుంచి నడపడానికి ఒక బంతిని తయారుచేసింది. చేయి బంతిని ఎటు, ఎంత బలంతో నెట్టిందో కొలిచి రోబోకు ఆజ్ఞగా పంపాలి. మొదట బలాన్ని నేరుగా కొలిచే సెన్సర్లు వాడారు, అవి ఖరీదైనవి. తర్వాత కాంతితో కొలిచే పద్ధతి కనిపెట్టారు. పరికరం లోపల స్ప్రింగుల మీద తేలే పైభాగం ఉంటుంది. దానికి ఎదురుగా ఆరు చిన్న ఎల్ఈడీలు, సన్నటి చీలికలు, కాంతి ఎక్కడ పడిందో చెప్పే డిటెక్టర్లు అమరి ఉంటాయి. వేలు పైభాగాన్ని కొద్దిగా కదిపినా చీలికల గుండా వచ్చే కాంతి గీత డిటెక్టర్ మీద పక్కకు జరుగుతుంది. ఆరు డిటెక్టర్ల లెక్కలను కలిపితే ఆరు కదలికలూ విడివిడిగా తేలతాయి. అరిగే భాగాలు దాదాపు లేవు, అందుకే ఈ పరికరాలు ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

1993 ఏప్రిల్ చివర్లో కొలంబియా షటిల్ మోసుకెళ్లిన స్పేస్‌ల్యాబ్ డీ-2లో రోటెక్స్ అనే ప్రయోగం జరిగింది. ఒక చిన్న రోబో చేయి కడ్డీలు బిగించడం, ప్లగ్ తీసి పెట్టడం, గాల్లో తేలే వస్తువును పట్టుకోవడం వంటి పనులు చేసింది. వ్యోమగాములు లోపలి నుంచి, ఇంజినీర్లు భూమి నుంచి ఇలాంటి కంట్రోల్ బంతితోనే దాన్ని నడిపారు. భూమి నుంచి ఆజ్ఞ వెళ్లి ఫలితం తిరిగి కనపడటానికి కొన్ని సెకన్లు పట్టేది కాబట్టి, ఎదుట కంప్యూటర్ గీసిన త్రీడీ రోబోను చూస్తూ నడిపేవారు. ఆ కంట్రోలర్ సంతానమే ఆ తర్వాత లాజిటెక్ ద్వారా మాగెల్లాన్ పేరుతోనూ స్పేస్‌మౌస్ పేరుతోనూ మార్కెట్‌కు వచ్చింది. దీనికి సమాంతరంగా ఆస్ట్రేలియాలో మొలిచిన ఆలోచన అమెరికాలో స్పేస్‌బాల్‌గా ఎదిగింది. ఇందులో బంతి దాదాపు కదలదు, వేళ్ల ఒత్తిడిని మాత్రమే కొలుస్తుంది. ఈ రెండు శాఖలూ చివరికి ఒకే గూటికి చేరాయి. 2001లో స్పేస్‌బాల్ ఉన్న లాబ్‌టెక్‌ను లాజిటెక్ కొనడంతో, త్రీడీకనెక్షన్ అనే సంస్థ రెంటికీ వారసురాలైంది.

ఇంజినీర్లు ఈ పరికరాన్ని వెంటనే సొంతం చేసుకోవడంలో ఆశ్చర్యం లేదు. కాటియా వంటి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే డిజైనర్ ఎన్నో భాగాల అమరికలోకి దూరి, ఏ గొట్టం ఏ బ్రాకెట్‌ను తగులుతోందో చూడాలి. 1994లో తొలిసారి ఎగిరిన బోయింగ్ 777ను కాటియాలోనే డిజైన్ చేశారు. అంతటి అమరికలో కుడి చేతి మౌస్ ఎంచుతుంది, కొలుస్తుంది, ఎడమ చేయి లోపలికి తీసుకెళ్తుంది. పైగా ఆ పనిలో ఆజ్ఞలు చాలావరకు మెనూల్లోంచే తీసుకుంటారు కనుక ఎడమ చేయి ఖాళీగానే ఉంటుంది. ఆఫీసు డబ్బు పెట్టి కొంటుంది, నేర్చుకునే సమయానికి జీతం ఇస్తుంది. ఈ వసతులేవీ ఒంటరి ఆర్టిస్టుకు ఉండవు.

అలాగని సినిమా ఆర్టిస్టులు ప్రత్యేక పరికరాలంటే ముఖం తిప్పుకున్నారనడం తప్పు. 1993 నాటి జురాసిక్ పార్క్ కోసం ఫిల్ టిపెట్ స్టూడియోలో కీళ్లున్న డైనోసార్ అస్థిపంజరాన్ని చేసి, ప్రతి కీలుకూ సెన్సర్ బిగించారు. బొమ్మలను చేత్తో కొద్దికొద్దిగా కదిపి చిత్రీకరించే పాత పద్ధతిలో పండిపోయిన యానిమేటర్లు ఆ అస్థిపంజరాన్ని వంచితే కంప్యూటర్‌లోని డైనోసార్ వంగేది. ఆ పరికరానికి తర్వాత అకాడమీ సాంకేతిక పురస్కారం కూడా దక్కింది. చేతికి ఇదివరకే ఉన్న నేర్పును అది యథాతథంగా వాడుకుంది కాబట్టే అక్కరకొచ్చింది. యానిమేటర్లు మౌస్‌కూ కీఫ్రేములకూ అలవాటుపడ్డాక దాని అవసరం తగ్గిపోయింది. ఆర్టిస్టు చేతికి ఏది ముందే వచ్చు అన్నదాన్ని బట్టే పరికరం నిలుస్తుంది, రాలిపోతుంది.

రెండు చేతుల సంగతిని పరిశోధకులు కొలిచి చూశారు. విలియం బక్స్‌టన్, బ్రాడ్ మైయర్స్ 1986లోనే రెండు చేతులకూ పని పంచితే వేగం పెరుగుతుందని చూపారు. మరుసటి ఏడాది ఫ్రెంచ్ మనస్తత్వవేత్త ఇవ్ గియార్ ఎడమ, కుడి చేతుల శ్రమ విభజనకు ఒక సిద్ధాంతం ఇచ్చారు. కుడిచేతి వాటం ఉన్నవారిలో ఎడమ చేయి ముందు కదిలి చోటు సిద్ధం చేస్తుంది, కుడి చేయి ఆ చోటులో సూక్ష్మమైన పని చేస్తుంది. రాసేటప్పుడు ఎడమ చేయి కాగితాన్ని సర్దుతూనే ఉంటుంది. వినాయక ప్రతిమ చేసేవాడు పీటను ఎడమ చేత్తో తిప్పుతూ కుడి చేత్తో తొండం దిద్దినట్టే త్రీడీ కళాకారుడూ పనిచేయవచ్చు అన్న ఆశకు శాస్త్రీయమైన ఆధారం అదే.

మోడలింగ్‌కు మరీ దగ్గరగా వచ్చిన ప్రయోగం 1999 నాటిది. రవిన్ బాలకృష్ణన్, గోర్డన్ కర్టెన్‌బాక్ ఎడమ చేత్తో కెమెరాను, కుడి చేత్తో పనిని నడిపించి, ఒంటి చేతి పద్ధతితో పోల్చారు. దృశ్యంలో గురిని ఎంచుకునే సులువైన పనిలో రెండు చేతుల పద్ధతి 20 శాతం వేగంగా తేలింది. వస్తువును మరోదానికి అమర్చే కష్టమైన పనిలో లాభం కనిపించింది గానీ, సాధన చేశాకే. వేగం సంగతి ఎలా ఉన్నా పాల్గొన్నవారు రెండు చేతుల పద్ధతినే గట్టిగా ఇష్టపడ్డారు. ఈ మూడో ఫలితం చాలా విలువైనది. పనిలో సుఖం స్టాప్‌వాచ్‌కు దొరికే వస్తువు కాదు. రోజంతా తెర ముందు కూర్చునేవాడికి ఆ సుఖమే కొనుగోలుకు సరైన కారణం కావచ్చు. టొరంటోలో షుమిన్ జాయ్ 1995లో పూర్తిచేసిన పరిశోధన మరో సంగతి తేల్చింది. చేయి వదలగానే తిరిగి నడిమికి వచ్చే టోపీ వంటి పరికరాలు వేగాన్ని అదుపు చేయడానికి బాగా నప్పుతాయి, స్థానాన్ని నేరుగా నిర్ణయించడానికి కాదు. అంటే టోపీని నొక్కి పట్టుకున్నంతసేపూ దృశ్యం సాగుతూ ఉంటుంది. మౌస్ అలవాటున్న చేతికి ఇది కొత్త. మొదటి రోజుల్లో బొమ్మ చేయిదాటి దొర్లిపోవడానికి కారణం ఇదే.

ఇంతలో మోడలింగ్ కళే మారిపోయింది. 1999లో తొలిసారి ప్రదర్శితమైన జీబ్రష్ అనే సాఫ్ట్‌వేర్‌తో, ముఖ్యంగా 2004లో వచ్చిన దాని రెండో వెర్షన్‌తో, మట్టిని పిసికినట్టు పాత్రలను మలిచే పద్ధతి స్టూడియోల్లో పాతుకుపోయింది. సాధనం పెన్ టాబ్లెట్. ఖాళీ స్థలంలో పెన్ను లాగితే చాలు, బొమ్మ తిరుగుతుంది. శిల్పం చేసే పెన్నే చూపునూ తిప్పుతుంది. ఎడమ చేయి ఆల్ట్, కంట్రోల్, షిఫ్ట్ మీటల మీద ఉంటుంది, ఎందుకంటే అదే బ్రష్ మీటను బట్టి ఉబ్బిస్తుంది, లోతు చేస్తుంది, నునుపు చేస్తుంది. ఆ మీటల మీది నుంచి ఎడమ చేతిని తీసి టోపీ మీద పెట్టడమంటే ప్రతి గీతకూ ఒక ప్రయాణం. అంతేకాదు, గీత మధ్యలో ఉండగా చాలా సాఫ్ట్‌వేర్లు దృశ్యాన్ని కదలనివ్వవు. ప్రయోగశాలలో లాభం తెచ్చింది రెండు చేతులూ ఒకేసారి కదలడం. ఒకదాని తర్వాత ఒకటి కదలవలసి వస్తే ఆ లాభంలో పెద్ద భాగం పోతుంది. ఈ తరహా శిల్పులకు కంట్రోలర్ తప్పనిసరి కాకపోవడానికి బలమైన కారణం ఇదే, ధర కాదు.

ధర అడ్డంకి 2006లోనే సడలింది. ఆ ఏడాది వచ్చిన స్పేస్‌నావిగేటర్ వ్యక్తిగత వాడకపు వెర్షన్ 59 డాలర్లు. గూగుల్ ఎర్త్‌లో భూమి మీద ఎగరడానికి సరదాగా కొన్నవాళ్లూ ఉన్నారు. 2002లో ఓపెన్ సోర్స్‌గా మారిన మోడలింగ్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌కు 2011లో ఈ పరికరాలకు నేరుగా మద్దతు వచ్చింది. కీబోర్డు సమస్యకు జవాబుగా కంట్రోలర్ల పెద్ద మోడళ్లలో ఆల్ట్, కంట్రోల్, షిఫ్ట్ బటన్లనే టోపీ చుట్టూ అమర్చారు. బ్లెండర్‌లో మోడల్ చేసేవారికి ఇది సగం జవాబే, ఎందుకంటే జరపడానికి జీ, తిప్పడానికి ఆర్, పరిమాణం మార్చడానికి ఎస్, ఎక్స్‌ట్రూడ్‌కు ఈ అంటూ ఆ పని మొత్తం అక్షరాల మీదే నడుస్తుంది.

కొత్తగా కొన్నవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది దిశ. టోపీని వస్తువుగా ఊహిస్తే కుడికి నెట్టినప్పుడు బొమ్మ కుడికి పోతుంది. కెమెరాగా ఊహిస్తే కుడికి వెళ్లేది చూసే కన్ను, బొమ్మ ఎడమకు పోతుంది. రెండు అమరికలూ సాఫ్ట్‌వేర్లలో ఉంటాయి. ఒకదాన్ని ఎంచుకుని అంటిపెట్టుకోకపోతే చేయి ఎప్పటికీ కుదురుకోదు. దిగంతం పక్కకు ఒరగకుండా పట్టి ఉంచే ఐచ్ఛికాన్నీ మొదట్లో వేసి ఉంచడం మేలు. వేగాన్ని బాగా తగ్గించి మొదలుపెట్టి, చేయి కుదిరేకొద్దీ పెంచుకోవడం రెండో మేలు.

మోడలింగ్ ఆర్టిస్టుల్లోనే లాభం మనిషికో రకంగా ఉంటుంది. వీధులు, కోటలు, అడవులు పేర్చేవారు, ఆ దృశ్యంలో కెమెరా ఎక్కడ నిలవాలో వెతికేవారు రోజులో ఎక్కువసేపు తిరిగి చూస్తూనే ఉంటారు. స్ఫటిక శాస్త్రవేత్తకూ విమాన డిజైనర్‌కూ దక్కిన లాభమే వీరికీ దక్కుతుంది, కంట్రోలర్ వీరికి నిజంగా తగిన కొనుగోలు. స్కాన్ చేసిన మోడల్‌లో లోపాలు వెతికేవారికీ, పూర్తయిన పనిని అన్ని కోణాల నుంచీ పరీక్షించేవారికీ అంతే. కుడి మణికట్టు నొప్పితో బాధపడేవారికి చూపు తిప్పే భారం ఎడమ చేతికి మారడమే ఊరట. పెన్నుతో ముఖాలు మలిచేవారు, షార్ట్‌కట్‌ల మీద వేగంగా పాలిగాన్లు కోసేవారు ఆ డబ్బును మంచి పెన్ టాబ్లెట్ మీద పెట్టడమే సబబు. ఈ రెంటి మధ్య ఉన్నవారు పరికరాన్ని అరువు తెచ్చుకుని, ఆల్ట్ మీటకు చేయి పోకుండా కనీసం రెండు వారాలు నిజమైన పనిలో వాడి చూడాలి. సాధన తర్వాతే లాభం కనిపించే పనికి షాపులో పది నిమిషాల పరీక్ష చాలదు.