తలుపు తీసిన మాతంగి

పలమనేరు పక్కనుంచి పారే కౌండిన్య అడవిలో దిగి, మోర్దానా దాటి, గుడియాత్తం మీదుగా పోయి పాలారులో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ ఏట్లో కనిపించేది ఇసుకే. రేణుక బతుకు మొదలైందీ, కూలిందీ అలాంటి ఇసుకలోనే. ఆమె జమదగ్ని భార్య, ఐదుగురు కొడుకుల తల్లి. పొద్దున్నే ఏటికి పోయి, పచ్చి ఇసుకను కుండగా మలిచి, ఆ కుండతో నీళ్ళు తెచ్చేదట. అంత నిష్ఠ ఆమెది.

ఒకరోజు నీళ్ళలో చిత్రరథుడనే రాజు భార్యలతో జలకాలాడుతున్నాడు. రేణుక చూసింది. మనసు ఒక్క క్షణం అక్కడ నిలిచింది. అంతే, చేతిలో ఇసుక నిలవలేదు. ఎంత తడిపినా, ఎంత అదిమినా వేళ్ళ సందున జారిపోయింది. తడిచీరతో, ఒట్టి చేతులతో ఇల్లు చేరింది. జమదగ్ని ఏమీ అడగలేదు, ముఖం చూసే పోల్చుకున్నాడు. కొడుకులను వరసగా పిలిచి తల్లిని నరకమన్నాడు. పెద్దవాళ్ళు నలుగురూ కదల్లేదు, శాపం పాలయ్యారు. కడపటివాడు పరశురాముడు గొడ్డలి అందుకున్నాడు.

భారతంలో వేటు అక్కడే పడుతుంది. పల్లెల్లో చెప్పుకునే కథలో మాత్రం రేణుక ప్రాణభయంతో పరుగెత్తింది. ఏ ఆశ్రమమూ ఆమెకు దిక్కు కాలేదు. ఊరి బయట ఒక గుడిసె దొరికింది. ఆ గుడిసెలోని ఆడమనిషిని, రేణుకను ఎల్లమ్మగా కొలిచే కథల్లో మాతంగి అంటారు. ఎవరు నువ్వని ఆమె అడగలేదు. ఏం తప్పు చేశావనీ అడగలేదు. రేణుకను లోపలికి తీసుకుని తను గడపకు అడ్డంగా నిలబడింది. పరశురాముడు తొలగమన్నాడు. ఆమె తొలగలేదు. ఆ గడపలో రెండు తలలు తెగిపడ్డాయి.

తండ్రి మెచ్చి వరం కోరుకోమన్నాడు. అమ్మ బతకాలి, చంపిన సంగతి ఆమెకు గుర్తుండకూడదు అన్నాడు కొడుకు. పల్లె కథలో ఆ తొందరలో తలలు తారుమారయ్యాయి. రేణుక తల మాతంగి మొండేనికి అతుక్కుంది.

గ్రీకుల పురాణాల్లోనూ ఇలా కొడుకు చేతిలో పోయిన తల్లి ఉంది, ఎరిఫైలీ. ఒక హారానికి ఆశపడి, భర్త ఆంఫియరాయస్‌ను చావు ఖాయమని తెలిసిన తీబ్స్ యుద్ధానికి పంపింది. ఆయన పోతూ కొడుకులకు పగ అప్పజెప్పాడు. వాళ్ళలో ఆల్క్‌మయాన్ తల్లిని చంపాడు. అయితే ఆ తల్లి ఉసురు ఊరికే పోలేదు. ఉగ్రదేవతలు అతన్ని వెంటాడారు. ఆమె చనిపోయేనాటికి ఇంకా పుట్టని నేల మీద తప్ప అతనికి నిలువనీడ లేకపోయింది. చివరికి అకెలోయస్ నది ఒండ్రు తెచ్చి పేర్చిన కొత్త గడ్డ మీద తలదాచుకున్నాడు. మన రేణుకకు పగ తీరలేదు సరికదా, జ్ఞాపకమూ మిగల్లేదు. మాతంగి కోసమైతే వరం అడిగినవాడే లేడు.

గుడియాత్తంలో అదే కౌండిన్య ఒడ్డున, గోపాలపురం గంగమ్మ గుడిలో, వైకాసి మొదటి రోజున, అంటే మే నెల నడుమ, ఏటా సిరసు పండగ జరుగుతుంది. అక్కడ గంగమ్మంటే రేణుకే. తరణంపేట ముత్యాలమ్మ గుడినుంచి అమ్మ సిరసు ఊరేగింపుగా కదులుతుంది. దారి పొడవునా దండలు, పగిలే టెంకాయలు. గుడిలో దానికోసం కాచుకుని ఉండేది ఆ ఊరిబయటి ఆడమనిషి మొండెం. దానిమీద సిరసు నిలిపాకే విశ్వరూప దర్శనం. కుప్పం జాతరలోనూ గంగమ్మ సిరసు ఊరేగాకే విశ్వరూపం చూడనిస్తారు.

జనం చూపంతా సిరసు మీదే ఉంటుంది. మొండెం దండల కింద మునిగిపోతుంది. అక్కడ ఆమెను కులం పేరుతోనే పిలుస్తారు, సొంత పేరు దక్కలేదు. రేణుకను చంపడానికి ఒక చూపు సాకుగా దొరికింది. ఈమెను చంపడానికి ఆ సాకూ లేదు. ఆపదలో వచ్చిన బిడ్డకు తలుపు తీసింది, అంతే. రేణుక పతనం కంటే ఈ చావే నన్ను ఎక్కువ కలచివేస్తుంది. సొంత మొగుడు చంపమన్న మనిషికి, సొంత కొడుకు చంపవచ్చిన మనిషికి, ముక్కూముఖం తెలియని పేదరాలు తన ప్రాణం అడ్డమేసింది. దేవతకు అంతకు మించిన గుణం ఏముంటుంది? సిరసు రేణుకదే అయినా, ఆ సిరసును మోసి లోకానికి చూపేది మాతంగి ఒళ్ళే. అమ్మకు కొట్టే టెంకాయల్లో మొదటిది మాతంగి పేరు చెప్పి కొట్టాలి.