జోగిపేట సభ నుంచి పుస్తకాల పెట్టె దాకా



వచ్చే సంవత్సరం చేయాలనుకున్న పనుల్లో "గల్లీకో పుస్తకాల పెట్టె" అన్న మాట చూసి చాలామంది మీటింగుల్లో అడిగారు. పొదుపు, అప్పులు, బ్యాంకు లింకేజీ చూసుకునే సమాఖ్యకు పుస్తకాలతో ఏం పని అని. అడగాల్సిన ప్రశ్నే. జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు, మన ఊరి నుంచే మొదలుపెడదాం.

1930 మార్చిలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జోగిపేటలోనే జరిగింది. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు. అప్పట్లో సభ పెట్టుకోవాలంటే 'గస్తీ నిషాన్ 53' ప్రకారం ముందుగా సర్కారు పర్మిషన్ కావాలి. అలాంటి రోజుల్లో ఇదే ఊళ్లో ఆడవాళ్లకు వేరుగా ఆంధ్ర మహిళా సభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మ గారు దానికి అధ్యక్షత వహించారు. తర్వాత 1934లో ఖమ్మంలో యల్లాప్రగడ సీతాకుమారి గారు, 1935లో సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ గారు మహిళా సభలకు అధ్యక్షులయ్యారు. నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం మన దగ్గర నిన్న మొన్న మొదలైన పని కాదు.

ఆ సభల వెనుక గ్రంథాలయాల బలం ఉంది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. సర్కారు చదువంతా ఉర్దూలో సాగిన కాలంలో తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక దొరికే చోట్లు అవి. కానీ అక్కడికి పోయి కూర్చుని చదివే వీలు ఎక్కువగా మగవాళ్లకే ఉండేది.

మనుషులు పుస్తకం దగ్గరికి పోలేకపోతే పుస్తకమే రావాలని కొందరు ఆలోచించారు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పడవ రేవుకొస్తే ఊరికి పుస్తకం అందినట్టే.

1960లో గ్రంథాలయాల చట్టం వచ్చింది. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసే ఉంటుంది. అంటే లైబ్రరీకి మనం కూడా పైసలు పెడుతున్నాం. పోయేదెంతమంది? పొద్దున వంట, ఆపైన కూలి, పటాన్‌చెరు కంపెనీల షిఫ్టులు. మనకు తీరిక దొరికేసరికి లైబ్రరీకి తాళం పడుతుంది.

ఇక పొదుపుకూ పుస్తకానికీ సంబంధం ఏమిటంటే, నెల్లూరు జిల్లా చూడండి. 1990 తర్వాత అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో ఆడవాళ్లు రాత్రి బడుల్లో కూర్చున్నారు. వాళ్ల వాచకంలో సారా మీద ఒక పాఠం ఉంది. అది చదివి, మన ఇంటి కథే కదా అనుకున్నారు. దూబగుంటలో ఆడవాళ్లు సారా అమ్మకం ఆపించారు. ఊరూరా అదే కదలిక. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలితే రోజుకో రూపాయి దాచుకునే 'పొదుపులక్ష్మి' సంఘాలు లేచాయి. ఇవాళ మనం పట్టుకున్న పాసుబుక్కుకు ఆ పాఠంతో చుట్టరికం ఉంది.

మన సంఘాల్లో చాలామంది సంతకం దాకా నేర్చుకుని ఆగిపోయారు. చదవడం వాడుకలో లేకపోతే వచ్చిన అక్షరాలు కూడా మరుపున పడతాయి. అప్పుడు లోన్ కాగితం మీద ఏముందో ఇంకొకరు చెబితేనే తెలుస్తుంది. పెట్టె అవసరం అక్కడ ఉంది.

గల్లీలో పుస్తకాల పెట్టె ఆలోచన ఇటీవల అమెరికాలో బాగా వ్యాపించింది. 2009లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని హడ్సన్ ఊళ్లో టాడ్ బోల్ అనే ఆయన, టీచరుగా పనిచేసిన తన తల్లి గుర్తుగా చిన్న బడి ఆకారంలో పెట్టె చేసి ఇంటి ముందు నిలబెట్టాడు. కావలసిన పుస్తకం తీసుకోవచ్చు, తన దగ్గరున్నది పెట్టవచ్చు. రుసుము లేదు, రిజిస్టరు లేదు. 2020 నాటికి అలాంటి పెట్టెలు లక్ష దాటాయి.

మనకు ప్రతి పైసాకూ రికార్డు రాయడం అలవాటు. రిజిస్టరు లేకపోతే పుస్తకాలు పోవా అన్న భయం న్యాయమే. కొన్ని పోతాయి. పోయినది కూడా ఎవరో ఒకరి ఇంట్లోనే ఉంటుంది, చదివేవాళ్లు ఉంటే చదువుతారు. అసలు భయపడాల్సింది వానకు, చెదలకు, పట్టించుకోకపోవడానికి. అందుకే వాలు కప్పు, నేలకు తగలని కాళ్లు, మూసుకునే తలుపు ఉండాలి. అంగన్‌వాడీ, కిరాణం, కంపెనీ బస్సు ఆగే చోటు మంచివి. పెద్ద అక్షరాల కథలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, పైతరగతికి పోయిన పిల్లల పాఠ్యపుస్తకాలు పెడితే చేతులు వాటంతట అవే వస్తాయి.

పెట్టె చేయించడం ఒక రోజు పని, చూసుకోవడం ఏడాది పని. నెలకో సంఘం వంతు వేసుకుంటేనే అది నిలుస్తుంది. కాబట్టి వచ్చే మీటింగులో పెట్టె కావాలా అన్న దానికంటే ముందు, మొదటి నెల ఎవరు చూసుకుంటారో తీర్మానం బుక్కులో రాయండి. ఆ పేరు వచ్చిన గల్లీలోనే మొదటి పెట్టె పెడదాం.