చెరసాలలో పుట్టిన విగ్రహం

‘చరిత్రలో ఈ రోజు’ అంటూ పత్రికలూ, ఫోన్లూ ప్రతి ఉదయం వడ్డించే చిల్లర విశేషాలలో అక్టోబరు 12, 13 తేదీలు పక్కపక్కనే వస్తాయి. మొదటిది అలిస్టర్ క్రౌలీ పుట్టినరోజు. 1875లో ఇంగ్లండులోని లెమింగ్టన్ స్పాలో పుట్టిన ఈ మాంత్రికుణ్ణి అక్కడి పత్రికలు ఒక దశలో ప్రపంచంలోకెల్లా దుర్మార్గుడన్నాయి. రెండవది 1307 నాటి శుక్రవారం. ఆ వేకువన ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్ తన రాజ్యంలోని టెంప్లార్ యోధులను ఏకకాలంలో బంధింపజేశాడు. పదమూడవ తేదీ శుక్రవారం అశుభమన్న నమ్మకం అప్పుడే మొదలైందని కూడా ఆ విశేషాలలో చేరుస్తారు. మధ్యయుగపు రచనలలో ఆ ఊసే లేదు; అది ఇరవయ్యవ శతాబ్దిలోనూ ఆ తర్వాతా నవలలు వ్యాప్తిలోకి తెచ్చిన ముచ్చట.

తేదీల పొరుగుతనం యాదృచ్ఛికం. ఈ రెండు కథలనూ నిజంగా కలిపేది ఒక పేరు: బాఫొమెట్.

జెరూసలేం యాత్రికులను కాపాడతామని 1119 ప్రాంతంలో కొద్దిమంది యోధులు సన్యాసుల వలె ప్రమాణం చేసి ఏర్పరచుకున్న సంఘం టెంప్లార్లది. 1129లో త్రోయ్ మతసభ వారిని గుర్తించింది. పదేళ్ల తర్వాత పోప్ వారిని తనకు తప్ప మరెవరికీ జవాబుదారులు కానివారిగా చేశాడు. దానాలు వెల్లువెత్తాయి, యూరప్ అంతటా భూములు, కోటలు, ఖజానాలు సమకూరాయి. యాత్రికుల సొమ్ము భద్రపరచడంతో మొదలై రాజులకు అప్పులిచ్చేంత వరకూ వారి వ్యవహారం పెరిగింది. 1291లో ఆక్ర్ కోట పడిపోవడంతో తూర్పున వారు కాపాడవలసినది మిగలలేదు. ఆస్తులు మాత్రం చెక్కుచెదరలేదు. పని పోయి ధనం మిగిలిన సంస్థను అప్పుల్లో కూరుకుపోయిన ప్రభువు ఏ కళ్లతో చూస్తాడో వేరే చెప్పాలా?

ఫిలిప్ అప్పటికే నాణేల విలువ తగ్గించాడు. 1306లో యూదులను వెళ్లగొట్టి వారి ఆస్తులను స్వాధీనం చేసుకున్నాడు. అదే ఏడు పారిస్ ప్రజలు తిరగబడితే అతడు తలదాచుకున్నది టెంప్లార్ల కోటలోనే. మరుసటి ఏడాది సెప్టెంబరు 14న వారిని బంధించమని రహస్య ఆజ్ఞ సిద్ధం చేయించాడు. నెల తిరగకుండానే దేశమంతటా తలుపులు ఒకేసారి తట్టారు. అభియోగాలు అంతకుముందే రాసిపెట్టి ఉన్నాయి: క్రీస్తును తిరస్కరించడం, శిలువపై ఉమ్మివేయడం, అసహజ చర్యలు, ఒక తలను పూజించడం. సాక్ష్యం సంపాదించడం ఒక్కటే మిగిలింది.

పారిస్‌లో విచారించిన 138 మందిలో 134 మంది ఏదో ఒక నేరం ఒప్పుకున్నారు. సంఘాధిపతి జాక్ ద మొలే కూడా ఒప్పుకున్నాడు. ఈ సంఖ్యను చూసి నిప్పు లేనిదే పొగ రాదని నేటికీ తల పంకించేవారున్నారు. నిప్పు ఉన్నమాట నిజమే, అది నిందితుల పాదాల కింద ఉంది. ఆల్బీకి చెందిన ఒక పురోహితుడు, కాల్చడం వల్ల తన మడమల నుంచి ఊడిన రెండు ఎముకలను తెచ్చి పోప్ నియమించిన విచారణ సంఘానికి చూపించాడు. 1310 మే 12న, ఒప్పుకోలును వెనక్కి తీసుకున్న నేరానికి 54 మందిని పారిస్ వెలుపల సజీవంగా దహనం చేశారు. వారిని బండ్లలో తీసుకుపోవడం చూసిన ఎమెరి అనే సభ్యుడు మర్నాడు విచారణ సంఘం ముందు నిలిచి, అడిగితే దేవుణ్ణి చంపింది తానేనని కూడా ప్రమాణం చేస్తానన్నాడు.

ఇక ఆ తల సంగతి. ఒకరు గడ్డమున్న తల అన్నారు, మరొకరు మూడు ముఖాలున్నదన్నారు, ఇంకొకరు పిల్లి అన్నారు. దక్షిణ ఫ్రాన్సు వాంగ్మూలాలలో దానికి బాఫొమెట్ అనే పేరు కనిపిస్తుంది. ఆ నాటి ఫ్రెంచివారు మహమ్మద్ ప్రవక్త పేరును పలికిన వికృత రూపమది. విగ్రహారాధనను ససేమిరా ఒప్పుకోని మతం పేరిట ఒక విగ్రహాన్ని ఊహించారంటే ప్రశ్నలు రాసినవారి పరిజ్ఞానం ఏపాటిదో తెలుస్తుంది. ఇంత గాలించినా పారిస్ కోటలో దొరికింది స్త్రీ ఎముకలు ఉంచిన ఒక వెండి తల. పవిత్రుల అస్థికలను అలాంటి పేటికలలో దాచడం ఆనాటి చర్చిలలో మామూలే.

చిత్రహింసకు అలవాటు లేని ఇంగ్లండులో 1309లో వచ్చిన విచారణాధికారులు నెలల తరబడి ప్రశ్నించినా వారు కోరిన మాట రాలేదు. ఒత్తిడి పెంచాక 1311లో ముగ్గురు లొంగారు. పోర్చుగల్‌లో సంఘం పేరు మార్చుకుని బతికింది. హింస ఎక్కడ ఉంటే విగ్రహం అక్కడ వెలసింది.

పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం చెల్లదని 1872 నాటి మన సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. దానిని పక్కకు నెట్టిన టాడానూ, పోటానూ మనం చూశాం. అక్షరధామ్ కేసులో ఆరుగురిని నిర్దోషులని 2014లో సుప్రీంకోర్టు తేల్చినప్పుడు కూలిపోయినవి అలాంటి ఒప్పుకోళ్లే. చిత్రహింస నిషేధ ఒడంబడికపై 1997లో సంతకం చేసిన భారత ప్రభుత్వం దానిని ఇంతవరకూ ధ్రువీకరించలేదు.

1312లో పోప్ ఐదవ క్లెమెంట్ సంఘాన్ని రద్దు చేశాడు. దోషిగా తీర్పు చెప్పి కాదు, తన అధికారంతో. 1314 మార్చిలో మొలే తన ఒప్పుకోలు అబద్ధమని ప్రకటించి చితికెక్కాడు.

విగ్రహం మాత్రం చావలేదు. 1850లలో ఎలిఫాస్ లేవి అనే ఫ్రెంచి తాంత్రికుడు దానికి మేక తలా, రెక్కలూ, స్తనాలూ పెట్టి బొమ్మ గీశాడు. ఈనాడు బాఫొమెట్ అంటే అందరికీ తోచే రూపం అదే. టెంప్లార్ల వాంగ్మూలాలకూ దానికీ పోలిక లేదు. తర్వాత కొందరు జర్మన్లు, ఆస్ట్రియన్లు ‘తూర్పు టెంపుల్ సంఘం’ అనే పేరుతో ఒక రహస్య సమాజం పెట్టుకున్నారు. 1912లో దాని బ్రిటన్ శాఖకు అధిపతి అయిన క్రౌలీ తనకు తాను బాఫొమెట్ అని బిరుదు తగిలించుకున్నాడు. కాలిన పాదాల నుంచి రాబట్టిన పేరు సారాయి వ్యాపారపు వారసత్వంతో పెరిగిన పెద్దమనిషికి అలంకారమైంది. అతని తల్లిదండ్రులు కఠినమైన బ్రదరన్ సమాజానికి చెందినవారు. ఆ సమాజపు మరో శాఖ మిషనరీలే 1830లలో మన నర్సాపురానికి వచ్చారు.

దెయ్యాల పూజారిగా క్రౌలీ పేరు మోగింది గానీ, అతని అసలు దుర్మార్గం హిమాలయాలలో ఉంది. 1905లో డార్జిలింగ్ నుంచి కాంచనజంగ ఎక్కడానికి బయలుదేరిన బృందానికి అతడే నాయకుడు. సెప్టెంబరు 1న మంచుచరియ విరిగిపడి స్విస్ దేశీయుడు పాష్, ముగ్గురు కూలీలు మరణించారు. పై శిబిరంలో ఉన్న క్రౌలీ ఆ రాత్రి కిందికి దిగిరాలేదు. అలాంటి ప్రమాదాల పట్ల తనకు సానుభూతి లేదని ఆ తర్వాత అలహాబాదు ‘పయనీర్’ పత్రికకు రాశాడు. ఈ సంగతి రోజువారీ విశేషాలలో రాదు. మేక తల వస్తుంది.

1308 ఆగస్టులో షీనోన్ కోటలో ముగ్గురు కార్డినళ్లు మొలేనూ, అతని సహచరులనూ విచారించి, పశ్చాత్తాపాన్ని స్వీకరించి, బహిష్కరణ నుంచి విముక్తులను చేశారు. ఆ పత్రం వాటికన్ భాండాగారంలో తప్పుడు పేరు కింద పడి ఉండగా 2001లో ఇటలీ చరిత్రకారిణి బార్బరా ఫ్రాలే గుర్తించారు. 2007 అక్టోబరులో వాటికన్ దానిని ఇతర విచారణ పత్రాలతో కలిపి అచ్చు వేసింది, 799 ప్రతులు.