పెరికె ఎద్దు మొదలు మోటారు సైకిలు దాక

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయవలసినదని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి, రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తాగా కాలం గడుపుకొనే నావంటివానికి రాజుల చరిత్రలు ఏమి తెలుస్తవి? నాకు తెలిసినదల్లా మూటలు. ఏ మూట ఎంత తూగుతుంది, ఏది దారిలో పగులుతుంది, ఏది చేరవలసిన చోటికి చేరుతుంది అనేది రోజూ చూస్తూ ఉంటాను. కనుక మూటల చరిత్రే వ్రాస్తాను. పాఠక మహాశయులు క్షమింతురు గాక.

దీనికి ఒక కారణం కూడ కలదు. హుబ్బళ్ళిలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ మధ్య పండుగలకు రైలెక్కి ఊరికి పోవడం మానివేసి మోటారు సైకిళ్ళ మీద పోతున్నారు. అనంతపురం, కర్నూలు, మా గుడిబండె, బాగేపల్లి, చింతామణి, ఏ ఊరైనా సరే, తెల్లవారుజామున బయలుదేరి పొద్దు గ్రుంకేలోగా చేరాలని వారి పంతం. బండి కొనడానికి ఆరు నెలలు ఆలోచిస్తారు. దానికి తగిలించే సంచి మాత్రం బయలుదేరే ముందురోజు సాయంత్రం, చూడ్డానికి బాగుందని కొంటారు. నేనూ అట్లాగే కొన్నాను. ఆ కథ ముందు చెప్పి చరిత్రలోకి వస్తాను.

మూడేండ్ల క్రిందట ఉగాదికి నేనూ నా భార్యా బండి మీద గుడిబండెకు బయలుదేరాము. హావేరి, దావణగెరె, చిత్రదుర్గం, తుమకూరు దాటి, కొరటగెరె మీదుగా గౌరిబిదనూరు, అచ్చట నుండి మా ఊరు. నాలుగు వందల కిలోమీటర్లకు పైచిలుకు దారి. వీపున వేసి రెండు ప్రక్కల వ్రేలాడదీసే జోడు సంచి ఒకటి కొన్నాను. ఎడమవైపు సంచిలో అమ్మకు కొన్న కుక్కరు, ధారవాడ పేడా డబ్బాలు. కుడివైపు మా గుడ్డలు. కొరటగెరె దాటిన తరువాత సంచి ఎడమకు జారి, దాని పట్టీ కొస వదులై వెనుక చక్రం స్పోకులలో చిక్కింది. చక్రం ఉన్నపాటున నిలిచిపోయింది. ఇద్దరమూ రోడ్డు మీద పడ్డాము. వెనుక వచ్చే లారీ డ్రైవరు, ఎవరో ఆ మహానుభావుడు, సమయానికి బ్రేకు వేయబట్టి ఈ వ్యాసం వ్రాయడానికి నేను మిగిలి ఉన్నాను. నా భార్య మణికట్టు విరిగింది. గౌరిబిదనూరులో కట్టు కట్టించుకొని, పండుగ పూట ఓబట్లు ఎడమ చేత్తో తినవలసి వచ్చింది.

మరునాడు మా పెదనాయన పరామర్శకు వచ్చినాడు. ఎనభై దాటిన మనిషి. ముందు కోడలిని పలుకరించి, తరువాత వాకిట్లో ఉన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, చినిగిన సంచిని చేత పట్టుకొని అడిగినాడు: "ఏ పక్క ఏం పెట్నావప్పా?" చెప్పినాను. "ఈ పక్క కుక్కరు, ఆ పక్క గుడ్డలా! ఎద్దయితే నడవనని నిలబడుతుండె. బండికి నోరు లేదు గదప్పా, అందుకే నిన్ను కింద ఏసింది" అన్నాడు. తన చిన్నతనంలో రాగులు, చింతపండు ఎద్దుల వీపున వేసుకొని సంతకు తోలేవారట. "రెండు పక్కలా సమం తూచి వేయవల్ల. పిడికెడు తేడా వచ్చినా సాయంత్రానికి ఎద్దు వీపు పుండయితాది." ఆ మాట విన్నప్పటి నుండి నేను ఈ మూటల సంగతి వెదకడం మొదలుపెట్టాను.

మన భాషలోనే ఆ చరిత్ర దాగి ఉన్నది. ఎద్దు వీపు మీద అడ్డంగా వేసి రెండు ప్రక్కల వ్రేలాడే జోడు గోనెకు పెరికె అని పేరు. కంట్లం అని కూడ అంటారు. ఆ బరువు మోసే ఎద్దు పెరికెద్దు. గోనెలు నేసి, ఆ ఎద్దులను తోలిన వారికి పెరికవారు అనే కులనామమే ఏర్పడింది. ఇంగ్లీషువారు ఇప్పుడు మోటారు సైకిలు ప్రక్కపెట్టెలను పానియర్లు అంటారు గదా, ఆ మాటకు మూలం రొట్టెల బుట్ట. వారి దేశంలో గాడిదకో గుర్రానికో రెండు వైపుల బుట్టలు కట్టి రొట్టెలు తీసుకుపోయేవారు. మన కంట్లమూ వారి బుట్టా ఒకే ఆలోచన. మనవారికి ఇంత చక్కని మాట ఉండగా పిల్లలు పానియర్ అని తప్ప అనరు. అది వేరే సంగతి.

రోడ్లు లేని కాలంలో, బండి చక్రం పోలేని కనుమలలో, దేశం మొత్తం ఈ జోడు గోనెల మీదనే నడిచింది. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యమంతా తిరిగాడు. 1652లో మన గండికోటకు కూడ వచ్చి మీర్ జుమ్లాను చూచినాడు. పది పన్నెండు వేల ఎద్దులు ఒకే బారున ధాన్యమో ఉప్పో మోసుకొని పోవడం చూడతగిన దృశ్యమనీ, ఇరుకు దారిలో అటువంటి బారు ఎదురైతే అది దాటిపోయేదాక రెండు మూడు రోజులు కూడ ఆగవలసి వచ్చేదనీ వ్రాశాడు. నేడు మనం టోలుగేటు దగ్గర పది నిమిషాలు ఆగితే ఎంత విసుక్కుంటాము!

ఆ బారులను నడిపినవారిలో ముఖ్యులు లంబాడీలు, అనగా బంజారాలు. రాజులు కొట్టుకున్నా వారి ఎద్దుల జోలికి పోయేవారు కారు, ఎందుకంటే రెండు సైన్యాలకూ తిండి తెచ్చేది వారే. దీనికి మా సీమలోనే నిదర్శనం ఉన్నది. 1791 మే నెలలో కారన్‌వాలీసు ప్రభువు టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నం దాక పోయి, యుద్ధంలో గెలిచి కూడ, మోసే ఎద్దులు చచ్చి, తిండి చాలక, తన పెద్ద ఫిరంగులను తానే పగులగొట్టించి వెనుకకు మరలవలసి వచ్చింది. తరువాత వేలాది ఎద్దులున్న బంజారాలను కుదుర్చుకొని కాని మళ్ళీ శ్రీరంగపట్నం వైపు కదలలేదు. ఆ నడుమనే, 1791 అక్టోబరులో, మా గుడిబండెకు దక్షిణాన ఉన్న నందిదుర్గం పట్టుబడింది. చరిత్ర పుస్తకాలలో ఫిరంగుల లెక్కలు ఉంటవి. ఫిరంగిని గెలిపించిన గోనె మాట అరుదుగా కనిపిస్తుంది.

గుడిబండె కోట కూడ నాకు ఇప్పుడు వేరుగా కనిపిస్తున్నది. బైరేగౌడ అనే పాళెగారు కొండ మీద కట్టించినది. వర్షపు నీరు నిలువ చేయడానికి బండలలో 19 దొనలు ఉన్నవి. చిన్నప్పుడు అవి ఆటస్థలాలు మాత్రమే. ఇప్పుడు ఎక్కుతుంటే, ఈ మెట్ల మీద ఇంత ధాన్యం, ఇంత సున్నం ఎవరి వీపుల మీద ఎక్కింది అని ఆలోచన వస్తుంది. నీటికి మాత్రం మోత తప్పించినాడు బైరేగౌడ. అంతవరకు మెచ్చుకోవాలి.

మోసినవారందరూ ఎద్దులతోనే పోలేదు. చింతామణి తాలూకా కైవారం తాతయ్యగారిని ఎరుగని వారు మా వైపు లేరు. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, కాలజ్ఞానం చెప్పిన నారాయణ యతీంద్రులు. 1726లో పుట్టి 1836 దాక జీవించినారని సంప్రదాయం. ఆయన కులవృత్తి గాజుల వ్యాపారం. గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగిన మనిషి. ఆలోచించండి, గాజులకంటె సులువుగా పగిలే సరుకు ఏమున్నది? అయినా గాజులవారు కాలినడకన కోసులకొద్ది పోయి అమ్మేవారు. గాజుల నడుమ త్రాడు దూర్చి, ఒకదానికొకటి ఒరుసుకొనేటట్లు బిగించి కట్టడమే అందులోని కిటుకు. వదులుగా ఉన్నది పగులుతుంది, బిగిసి ఉన్నది నిలుస్తుంది. పార్సిలు ఆఫీసులో ఇరవై సంవత్సరాలు పనిచేసినవారు కూడ ఇదే చెపుతారు.

దూరప్రయాణానికి మన భాషలో పెద్ద సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రీటరు ఉద్యోగం చేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చూచి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెంట సుమారు నూరుమంది పరివారం. ఆ గ్రంథం 1838లో అచ్చయింది. ఒక మనిషి యాత్రకు నూరుమంది! నేడు నూరుమంది పని రెండు సంచులు చేయాలని మనం కోరుతున్నాము. తప్పు సంచులది కాదు.

ఇక నేను ఉప్పు తినే రైల్వే సంగతి. దాచకుండా చెప్పాలి. చెన్నపట్నం నుండి బెంగుళూరు దండు స్టేషనుకు 1864లో రైలు వచ్చింది. సముద్రతీరపు ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద లోపలి సీమలకు తెచ్చి, ధాన్యానికి మార్చుకొని బ్రతికిన ఎరుకలవారి, లంబాడీల బేరం రైలు దెబ్బకు, సర్కారు ఉప్పు విధానం దెబ్బకు చితికిపోయింది. ఇల్లు లేక తిరిగేవారంటే దొరతనానికి ముందే అనుమానం. 1871లో నేరస్థ జాతుల చట్టం పుట్టింది, 1911 చట్టంతో మద్రాసు రాజధానికి కూడ వచ్చింది. తరతరాలు ఇతరుల ధాన్యం కాపాడి తెచ్చినవారు రాత్రిపూట పోలీసుకు హాజరు చెప్పవలసిన వారయ్యారు. స్వతంత్రం వచ్చిన తరువాత, 1952లో గాని ఆ చట్టం దేశమంతటా తొలగలేదు. నేను రోజూ బరువు తూచే ఆ యంత్రం వెనుక ఇంత కథ ఉన్నదని ఉద్యోగంలో చేరిన నాడు నాకు ఎవరూ చెప్పలేదు.

మా సీమకు చిన్న రైలు కూడ వచ్చింది. బెంగుళూరు, చిక్కబళ్ళాపురం, కోలారు వైపు రెండున్నర అడుగుల గేజి మీద నడిచేది. దాని మార్గంలో చిక్కబళ్ళాపురం కోలారుల మధ్య 2013లో బ్రాడ్‌గేజి బండి నడిచింది. గుడిబండెకు మాత్రం ఏ గేజీ రాలేదు. రైల్వే గుమాస్తా ఊరికే రైలు లేదు! అందుకే మోటారు సైకిలు.

మోటారు సైకిలుకు జోడు సంచులు తగిలించడం యుద్ధంలోనూ ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో వార్తలు మోసే సిపాయిల బి.ఎస్.ఏ., నార్టన్ బండ్లకు వెనుక చక్రానికి ఇరువైపుల ఇనుప చట్రాలు బిగించి కాన్వాసు సంచులు పెట్టేవారు. మన దేశంలో సరిహద్దు గస్తీ కోసం ప్రభుత్వం 1954లో 800 బుల్లెట్లు తెప్పించింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా ఏర్పడింది. మైసూరులో ఐడియల్ జావా 1961లో బండ్లు తీయసాగింది, 1973 నుండి యెజ్డి పేరుతో సాగి, 1996లో మూతపడింది. మా ఊరి ఉపాధ్యాయుల తరం వారికి జావా శబ్దం ఇప్పటికీ చెవులలో ఉన్నది. వారు సంచి కొనలేదు. గోనెపట్టలో సామాను చుట్టి, సైకిలు ట్యూబు కోసిన పట్టీతో వెనుక క్యారియరుకు బిగించేవారు.

ఇప్పుడు అంగడిలో దొరికే రకాలను పెదనాయన లెక్కలో చూస్తే ఇట్లున్నది. వీపున అడ్డంగా వేసే జోడు సంచి మన కంట్లమే. బరువు క్రిందికి, మనిషి దగ్గరగా ఉంటుంది, అది దాని గుణం. కాని సైలెన్సరు ఉన్న వైపు సంచి జారి తగిలితే కాలిపోతుంది, రెండవ వైపున పట్టీ చక్రంలో పడుతుంది. కనుక సంచికంటె ముందు, సంచి లోపలికి వంగకుండా ఆపే ఇనుప చట్రం కొనాలి. ఆ డబ్బు దగ్గర పిసినారితనం చేసినందుకు నా భార్య ఆరు వారాలు కట్టుతో ఉన్నది. సీటు వెనుక కట్టే సంచిలో బరువు పెడితే ఇరుసు దాటి వెనుకకు, ఎత్తుకు పోతుంది. ముందు చక్రం తేలికై వేగంలో హ్యాండిలు వణుకుతుంది. అందులో దుప్పటి, స్వెట్టరు వంటి తేలిక సామానే పెట్టాలి. టాంకు మీది అయస్కాంతపు సంచి ఇనుప టాంకుకే పట్టుకుంటుంది, ప్లాస్టిక్ టాంకుకు పట్టదు. కాగితాలు, మందులు, డబ్బు అందులో.

అల్యూమినియం పెట్టెలు చూడ్డానికి గొప్పగా ఉంటవి. తాళం పడుతుంది, వాన రాదు. నాకు మాత్రం మనసొప్పదు. పెట్టె బరువే ఎక్కువ, వెడల్పు ఎక్కువ. మట్టిదారిలో తూలి కాలు నేల ఆన్చినప్పుడు వెనుకనుండి పెట్టె వచ్చి పిక్కకు కొట్టుకుంటుంది. రాత్రి బసలు చేస్తూ నెలలకొద్ది పోయేవారికి అవి తగును. పండుగకు పోయి వచ్చేవారికి మెత్తని సంచి చాలు. మెత్తని సంచిలో లోపల ఒక నీరు చొరని తిత్తి ఉండాలి. పైన తొడిగే వాన తొడుగు గాలికి ఎగిరిపోతుంది, నమ్మరాదు. కొక్కేలున్న సాగే త్రాళ్ళూ అంతే. అవి తెగి కంటికి తగిలిన సంగతులు నేను విన్నాను. ఎంత సంచి అని లీటర్లలో చెప్పుతారు గాని బండి అడిగేది కిలోలు. బండి పుస్తకంలో అది మోయగల మొత్తం బరువు వ్రాసి ఉంటుంది. ఇద్దరు మనుషులు ఎక్కినాక అందులో మిగిలేది చాల కొద్ది. స్లీపరు తరగతి ప్రయాణికునికి రైల్వే 40 కిలోలు ఉచితంగా ఇస్తుంది. మోటారు సైకిలు అంత ఉదారమైనది కాదు. బరువు ఎక్కువైతే పెద్ద సామాను పార్సిలులో పంపి, చేత్తో పోవడం మేలు. ఇది నా శాఖ బేరం కోసం చెప్పే మాట కాదు.

పోయిన ఉగాదికి మళ్ళీ అదే దారిన పోయాము. నా భార్య ముందు ఒప్పుకోలేదు. బయలుదేరే ముందు రోజు చేతి త్రాసు తెచ్చి, ఆమె ఎదుటనే రెండు సంచులూ తూచినాను. ఎడమది ఏడు కిలోలు, కుడిది ఆరున్నర. ఆమె లేచి, పేడా డబ్బా ఒకటి ఎడమనుండి తీసి కుడిలో పెట్టి, మళ్ళీ తూచమన్నది. సమంగా వచ్చింది. పట్టీల కొసలన్నీ తానే మడిచి టేపు చుట్టింది. హుబ్బళ్ళి దాటి ఇరవై కిలోమీటర్లు పోగానే ఆపించి, మళ్ళీ అన్నీ లాగి చూచినది. గుడిబండెలో పెదనాయన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. మమ్మల్ని పలుకరించక ముందే కర్ర ఊతగా లేచి వచ్చి, ఒక్కొక్క సంచి క్రింద అరచేయి పెట్టి ఎత్తి చూచి, "ఊఁ, రాండి లోపలికి" అన్నాడు.