మిల్లరు దొర కళాశాలయు తెలుగువారును

చెన్నపట్టణమున హైకోర్టు భవనముల కెదురుగా సాగు రాజవీథికి నేడు నేతాజీ సుభాషు చంద్రబోసు రోడ్డను పేరు కలదు గాని, పూర్వులు దానిని ఎస్ప్లనేడు అని వ్యవహరించెడివారు. ఆ వీథిలో, వర్తకుల కొట్లకును వకీళ్ల కచ్చేరీలకును నడుమ, అండర్సను చర్చి యను నొక ప్రాతమందిరము నిలిచియున్నది. 1937వ సంవత్సరము వఱకు మద్రాసు క్రైస్తవ కళాశాల ఆ చుట్టుప్రక్కల భవనములలోనే నడచెను. కృష్ణా, గుంటూరు, గోదావరి, నెల్లూరు, చిత్తూరు సీమలనుండి పట్టపరీక్షకై బయలుదేరిన తెలుగుబాలురలో ననేకులు ఆ మెట్లెక్కి దిగినవారే. వారివలన తెలుగుదేశమునకు చేకూరిన ఫలమును దలచుకొన్నప్పుడు, ఆ విద్యాలయమును స్థాపించినవారు దేనిని కోరి స్థాపించిరో, తుదకు దానివలన లోకమునకు లభించిన దేదియో, ఆ రెంటికిని గల దూరము చరిత్రజిజ్ఞాసువునకు మిక్కిలి విస్మయావహముగా దోచును.

స్కాట్లండు చర్చివారు పంపగా వచ్చిన జాన్ అండర్సను అను యువ మతాచార్యుడు 1837 ఏప్రిలు 3వ తేదీన 59 మంది బాలురతో ఆర్మీనియను వీథిలో నొక పాఠశాల నారంభించెను. కలకత్తాలో అలెగ్జాండరు డఫ్ అవలంబించిన మార్గమే ఆయనకును మార్గము: ఆంగ్లవిద్యపై అగ్రవర్ణములవారికి అప్పుడప్పుడే కలుగుచున్న మక్కువను ఆధారముగా గొని, వారి బాలురను బడికి రప్పించి, గణితభూగోళాదులతోపాటు బైబిలును బోధించి, క్రమముగా వారిని క్రైస్తవులుగా జేయుట. ఆయన పట్టుదల యెంతటి దనగా, బడి పెట్టిన మఱుసటి యేడే కొందఱు పంచమబాలు రందులో చేరుటయు, వారిని వెడలగొట్టినగాని మా పిల్లలను పంపమని తక్కిన తల్లిదండ్రులు మొండికేయుటయు జరుగగా, బడి చెడినను సరే వారిని వెలివేయనని ఆయన నిష్కర్షగా జెప్పెను. 1841లో రాజగోపాలు, వెంకటరామయ్య అను విద్యార్థులు బాప్తిస్మము పొందినప్పుడు వందలకొలదిగా నుండిన పిల్లలు చెదరిపోయి, బెంచీలు బోసిపోయినవి. అయినను ఆయన చలింపలేదు. 1843లో స్కాట్లండు చర్చి రెండుగా చీలినప్పుడు ఆయనయు సహచరులును స్వతంత్రశాఖలో చేరిరి. బడియు వారి వెంటనే పోయెను.

ఆ యేడే మచిలీబందరులో రాబర్టు నోబిలు దొర స్థాపించిన పాఠశాల కథ దీనికి పూర్తిగా భిన్నము. ఆయన అగ్రవర్ణముల బాలురనే కోరి, పంచములకు తన బడిలో ప్రవేశము లేదనెను. అందుకై తోటి మిషనరీలచేత నిందింపబడెను. అయినను 1852లో ఇద్దఱు విద్యార్థులు మతము మార్చుకొనగా ఆ బడియు ఖాళీ యయ్యెను. ఒకరు కులభేదమును ధిక్కరించియు, మఱియొకరు దాని కొదిగియు ఒకే విఘ్నము నెదుర్కొనిరనుట గమనింపదగిన విషయము. కాలక్రమమున నోబిలు కాలేజి తెలుగుబాలుర కొక ప్రథమసోపానమై, చెన్నపురిలోని క్రైస్తవ కళాశాల వారికి ద్వితీయసోపాన మయ్యెను.

ఈ కళాశాలకు వేఱొక ప్రాణము పోసినవాడు విలియం మిల్లరు. స్కాట్లండు ఉత్తరపుటంచున, కెయిత్‌నెసు మండలములోని థర్సో పట్టణమున జన్మించి, 1862 డిసెంబరులో ఇరువదినాలుగేండ్ల ప్రాయమున చెన్నపట్టణము చేరిన యీ దొర, వచ్చిన నాడు చూచినది అండర్సను గతించిన పిదప నీరసించియుండిన యొక బడి. ఆయన దానిని కళాశాలగా బెంచెను. 1877లో ప్రొటెస్టెంటు సంఘములు కొన్ని తమ శాఖాభేదములను ప్రక్కకు నెట్టి చేయి కలుపగా దానికి మద్రాసు క్రైస్తవ కళాశాల యను పేరు స్థిరపడెను. స్వంతద్రవ్యమును ధారాళముగా వెచ్చించి భవనములు కట్టించి, విద్యార్థులకు వసతిగృహము లేర్పఱచి, 1883లో కళాశాలా పత్రికకు ఆరంభము చేయించి, 1907 వఱకు ఆయన అధ్యక్షపీఠము నలంకరించియుండెను. నడుమ 1901లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్‌చాన్సలరును అయ్యెను. వివాహము లేదు, వేఱు వ్యాపృతి లేదు. ఆయన జీవించియుండగనే శిష్యులు ఆయన విగ్రహమును కళాశాల యెదుట నిలిపిరి.

అయితే ఆయన చేసిన మార్పులలో ముఖ్యమైనది కట్టడములకు సంబంధించినది కాదు. ఎందఱికి బాప్తిస్మ మిచ్చితివని స్వదేశమునుండి ప్రశ్నలు వచ్చుచుండగా, ఈ కళాశాల పని తలలు లెక్కించుట కాదని ఆయన వాదించెను. పాలకుండలో వేసిన తోడువలె, సత్యనిష్ఠయు, పరోపకారబుద్ధియు, వ్యక్తిగౌరవమును హిందూసమాజమున మెల్లమెల్లగా వ్యాపించి దానిని లోపలినుండి మార్చవలెననుట ఆయన సిద్ధాంతము. ఈ వాదమువలన తోటి మిషనరీలలో గొప్ప కలకలము పుట్టెను. వ్యయమైన ద్రవ్యమునకు ఫలమేమనువారికిని, ఇది మతప్రచారము కాదు కేవలము బ్రాహ్మణబాలురకు ఉద్యోగశిక్షణ మనువారికిని ఆయన దీర్ఘకాలము సమాధానములు చెప్పవలసివచ్చెను. ఆ రెండవ ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు: అండర్సను పంచమబాలురకై పట్టిన పట్టు మిల్లరు కాలమున సడలి, కళాశాల మిక్కిలిగా అగ్రవర్ణములవారిదే యయ్యెనని నా యభిప్రాయము.

ఆ కాలపు తెలుగు విద్యార్థి జీవితమును నేటివా రూహించుకొనుట కష్టము. బెజవాడనుండి చెన్నపట్టణమునకు సముద్రతీరపు రైలుమార్గము పంతొమ్మిదవ శతాబ్ద్యంతమునగాని పూర్తికాలేదు. అందుచేత అంతకుముందు బందరు బాలుడు చదువునకు బయలుదేరవలెనన్న, కాలువలవెంబడి బకింగుహాము కాలువ చేరి, పడవలో బియ్యపుమూటయు పచ్చడిజాడీయు పెట్టుకొని, గాలి యనుకూలించిన తెఱచాపతోను, లేనినాడు గట్టున కూలీలు త్రాడుపట్టి లాగగాను, దినముల తరబడి ప్రయాణించి పట్టణము చేరవలసినవాడే. చేరిన పిమ్మట బంధువుల యింటనో, కొత్వాలుచావడి ప్రాంతమున తెలుగు కోమట్ల సందడి నడుమ నొక అద్దెగదిలోనో బస. కళాశాలలో దినదినము బైబిలు గంట యొకటి యందఱికిని తప్పనిది. విభూతి నామము తోడను, పిలకతోడను కూర్చుండి పౌలు పత్రికలను వల్లించి, దానిలో పరీక్షకును సిద్ధపడి, సాయంకాల మింటికి పోయి సంధ్యవార్చుకొను బాలురు ఆ తరగతులలో అపరిచితులు కారు. మిల్లరు దొర షేక్స్పియరు నాటకములను బోధించు తీరు శిష్యలోకమున ప్రఖ్యాతి గాంచెను. లియరు, మాక్బెతు, ఒథెల్లో, హామ్లెట్టు అను నాలుగు నాటకములపై ఆయన చేసిన వ్యాఖ్యానములు గ్రంథరూపమునను వెలువడినవి. వానిలో ఆయన వెదకినది కావ్యశోభకంటె ధర్మాధర్మముల విపాకమే.

ఆ ధర్మాన్వేషణము ఎవరిలో నాటుకొనెనో చూడవలెనన్న రఘుపతి వేంకటరత్నమునాయుడుగారిని జూడవలెను. 1862లో మచిలీబందరున జన్మించి, మిల్లరు శిష్యుడై, పట్టము పుచ్చుకొని, ఆయన క్రైస్తవుడు కాలేదు, బ్రహ్మసమాజికుడయ్యెను. నోబిలు కాలేజిలో ఉపాధ్యాయత్వము నెఱపి, సికింద్రాబాదు మహబూబు కాలేజికి ప్రిన్సిపాలై, 1904 మొదలు 1919 వఱకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాల నేలి, కులభేదములను పాటింపక, భోగముమేళములను బహిష్కరింపజేయుటకై సభల నదరగొట్టి, అనాథశిశువులను జేరదీసి, తెల్లని వస్త్రములతో తెల్లని నడవడితో తిరిగిన ఆ మహనీయుని శిష్యగణము తెలుగుదేశమంతట నెల్లెడల నిండియుండెను. కృష్ణాపత్రికా సంపాదకులైన ముట్నూరి కృష్ణారావుగారును, అయ్యదేవర కాళేశ్వరరావుగారును బందరులో ఆయన పాదములకడ చదివినవారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు కాకినాడలో చదివినవారు. మిల్లరు ఆశించిన తోడుచుక్క పడిన చోటేదన్న, ఈ పేరు చెప్పిన చాలును.

ఇతరులను గూర్చి సంగ్రహముగా జెప్పుదును. 1891లో ఇచ్చట పట్టభద్రులైన కాశీనాథుని నాగేశ్వరరావుగారు బొంబాయిలో అమృతాంజనమును జేసి అమ్మి, ఆ ధనముతో ఆంధ్రపత్రికను బెట్టి, 1914లో దానిని చెన్నపట్టణమున దినపత్రికగా మార్చి, 1924లో భారతి నారంభించిరి. కొండ వేంకటప్పయ్యగారు 1902లో కృష్ణాపత్రిక పుట్టుటకు కారకులై, పిదప ఆంధ్రోద్యమమునకు మూలస్తంభమైరి. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఇచ్చటి పట్టముతో వైద్యవిద్యకు బోయి, బందరులో వైద్యము చేసి, 1923లో ఆంధ్రాబ్యాంకును స్థాపించి, 1948లో జయపుర కాంగ్రెసు మహాసభ కధ్యక్షులైరి. పత్రిక, బ్యాంకు, ఉద్యమము: ఈ మూటికిని ఒకే విద్యాలయపు శిష్యులు చేయి వేసిరనుట సామాన్యమైన మాట కాదు.

కట్టమంచి రామలింగారెడ్డిగారి విషయమున కొంచెము నిలువవలెను. చిత్తూరు సీమనుండి వచ్చిన ఆ ప్రతిభాశాలి ఇచ్చట విద్యార్థిగా నుండగనే, కళాశాలలోని తెలుగు సమాజమువారి పోటీకై, 1899 ప్రాంతమున, ముసలమ్మ మరణమను కావ్యమును రచించెను. అనంతపురము దగ్గఱ బుక్కరాయసముద్రము చెఱువుకట్ట తెగి యూరు మునుగబోవగా, ఊరికొఱకు తన్ను తాను బలిచ్చుకొన్న యొక కోడలి కథ యది. రాజుకు కూతురు గాదు, దేవకన్య గాదు. పల్లెటి రైతుకుటుంబపు స్త్రీ. అట్టి నాయికతో, విషాదాంతముగా, ఆ నాటివఱకు తెలుగుకవులకు పరిచితము గాని పోకడతో వెలసిన యీ చిన్నకావ్యమును నవ్యకవిత్వమునకు నాందిగా పలువురు విమర్శకు లంగీకరించిరి. ఆంగ్లమే సర్వస్వమని తలచు నొక కళాశాలలో, తెలుగు కొక మూలగది మాత్రమే దొరకిన చోట, ఆ మూలగదినుండియే నూతనకవిత్వము బయలుదేరుట నాకెప్పుడును సంతోషము గొల్పును. షేక్స్పియరు విషాదాంతముల నట్లు బోధించిన యింటిలో చదివిన యువకుడు తెలుగున విషాదాంతము వ్రాయుట కేవలము కాకతాళీయమని నమ్మజాలను. ఆయన పిదప కేంబ్రిడ్జికి పోయి, అచ్చటి విద్యార్థి సభ యగు యూనియనులో ఉపాధ్యక్షపదవి బొంది తిరిగివచ్చెను.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తిరుత్తణిలో తెలుగింట పుట్టి, తిరుపతి, వేలూరు మిషనుబడులలో చదివి, ఇచ్చటికి వచ్చిరి. తత్త్వశాస్త్రమును ఎన్నుకొనుటకు హేతువు చిత్రమైనది: బంధువొకడు పట్టము పుచ్చుకొని తాను చదివిన పుస్తకములను ఇచ్చివేయగా, కొనుట కక్కఱలేని శాస్త్రమే ఆయనకు శాస్త్ర మయ్యెను. తరగతిలో హిందూమతమును గూర్చి మిషనరీ ఆచార్యులు చేయు విమర్శలు ఆ యువకుని మనస్సును నొప్పించినవి. నొప్పించినందుననే వేదాంతమును మూలమునుండి చదువ బురికొల్పినవి. 1908లో ఎం.ఏ. పట్టమునకై ఆయన వ్రాసిన వ్యాసము వేదాంతములోని నీతిశాస్త్రమును గూర్చినది, అనగా ఆ విమర్శలకు ప్రత్యుత్తరమే. దానిని మెచ్చుకొన్న ఆచార్యుడు ఏ.జి. హాగ్ మిషనరీయే! తన మతమును ఖండించు శిష్యుని తర్కమును జూచి ఆనందించు గురువున్న చోట విద్య నిజముగా వర్ధిల్లును. హాగ్‌గారు పిదప 1928 మొదలు 1938 వఱకు కళాశాలకు అధ్యక్షులైరి.

కళాశాలను తాంబరమునకు తరలించిన ఘనకార్యము ఈయన కాలమునదే. జార్జిటౌను ఇరుకులో ఆటస్థలము లేదు, గాలి లేదు; బజారు రొదలో పాఠము వినబడదు. సేలయూరు అడవి ప్రాంతమున ప్రభుత్వమువారు ఇచ్చిన 350 ఎకరములకు పైబడిన ముండ్లపొదల నేలలో, హెన్రీ షాటీ యను స్విట్జర్లండు శిల్పి గీసిన పటముల ప్రకారము భవనములు లేచినవి. 1931లో చెన్నపట్టణపు సముద్రతీరమునుండి తాంబరమునకు విద్యుత్తు రైలు నడువనారంభించుట ఈ మహాప్రయాణమునకు పెద్ద తోడ్పా టయ్యెను, లేనియెడల అంతదూరము నిత్యము వచ్చిపోవువా రెవరు? 1937 జనవరిలో నూతనభవనములు తెఱువబడినవి. సేలయూరు, సెయింటు థామసు, బిషపు హీబరు అను మూడు వసతిగృహములు, విద్యార్థులును వారితో కలిసి నివసించు ఆచార్యులును, కలిసి భుజించుట, కలిసి ఆడుట, చుట్టుపట్ల పల్లెలకు పోయి సేవచేయుట అను కొత్త జీవనవిధానమున కాలయములైనవి. రసాయనశాస్త్రాచార్యుడు ఎడ్వర్డు బార్న్సును, ఆయన భార్య ఆలిసును పొదలలోని మొక్కలను వెదకి గుర్తించియు, వందలకొలది చెట్లను నాటియు ఆ నేలను నీడగలదానిగా జేసిరి. నేడచ్చట నడచువాడు ఎండలో గొడుగు మరచి పోయినను బాధపడనక్కఱలేదు. 1938 డిసెంబరులో అంతర్జాతీయ మిషనరీ సమితివారి మహాసభ అచ్చటనే కూడి, దేశదేశముల ప్రతినిధులతో ఆ అడవి నిండెను. తరువాతి వృత్తాంతము చాలవఱకు శాఖలు, తరగతులు పెరిగిన వృత్తాంతమే. 1962లో చంద్రన్ దేవనేశన్‌గారు తొలి భారతీయాధ్యక్షు లగుటయు, 1978లో స్వయంప్రతిపత్తి లభించుటయు అందులో ముఖ్యములు.

ఇంత చెప్పిన పిదప అసలు మాటకు వత్తును. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయ మేర్పడినప్పుడు దాని ప్రథమ వైస్‌చాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1931లో ఆయన రాజీనామా చేసి తొలగగా వచ్చిన ద్వితీయుడు రాధాకృష్ణన్‌గారు. 1936లో ఆయన విడిచిపోగా మరల రెడ్డిగారే వచ్చి 1949 వఱకు నిలిచిరి. ఆ విశ్వవిద్యాలయము పుట్టిన కాలమున మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్‌చాన్సలరు రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు. ముగ్గురును మిల్లరు కళాశాలవారే. ముగ్గురిలో నొకరును క్రైస్తవులు గారు. అండర్సను లెక్కలో ఇది అపజయము. మిల్లరు లెక్కలో ఎట్లుండెనో ఆయన వాదములే చెప్పుచున్నవి. వాల్తేరు కొండలమీది ఆ విశ్వవిద్యాలయచరిత్రను వ్రాయబూనువారు దానిని బెజవాడ సభలతోను, శాసనసభా చర్చలతోను ఆరంభించుట పరిపాటి యైపోయినది. వారు ఎస్ప్లనేడు తరగతిగదుల కొక యధ్యాయమును కేటాయింపవలెనని నా మనవి.